మేకు కొట్టకుండా నిలబెట్టిన రాక్

ఫిట్టింగు పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్ళ కోసం నాలుగు మంచి మాటలు రాసిపెట్టమని మా పాత షాపు యజమాని అడిగాడు. నా దగ్గర మంచి మాటల స్టాకు తక్కువ. జీవితమంతా చెక్కతో బతికినవాడికి నోరు కూడా కొంచెం గరుకుగానే ఉంటుంది. అందుకని నేను చేసిన ఒక వెధవ పని గురించి రాస్తాను. చదివి నవ్వుకోండి, నాకేం ఫర్వాలేదు. నవ్వడం అయ్యాక మాత్రం, మీ చేత్తో బిగించిన పుస్తకాల రాక్‌లలో దేన్నయినా గోడకు పట్టించకుండా వచ్చేశారేమో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. గుర్తొస్తే ఈ కాగితం అక్కడ పడేసి ముందు ఆ ఇంటికి వెళ్ళండి.

నేను పుట్టింది వడ్రంగుల ఇంట్లో. రాజాం దగ్గర పల్లె మాది. ఉలి పట్టడం, చిత్రిక పట్టడం మా నాన్న దగ్గరే నేర్చాను. ద్వారబంధాలు, తలుపులు, మంచాలు, టేకు బీరువాలు నా చేతుల మీదుగా చాలా వెళ్ళాయి. తరవాత రోజులు మారాయి. రెండు వేల పది దాటాక జనం చెక్క కొని, వడ్రంగిని పిలిచి, నెల్లాళ్ళు ఆగే ఓపిక పోగొట్టుకున్నారు. అట్టపెట్టెల్లో ముక్కలుగా వచ్చే సామాను కొనడం మొదలుపెట్టారు. నేనూ బతకాలి కదా. విజయనగరంలో ఒక ఫర్నిచరు షాపులో ఫిట్టరుగా చేరాను. పెట్టె విప్పడం, పలకలు జోడించడం, స్క్రూలు బిగించడం, అంతే ఉద్యోగం.

ఆ ఉద్యోగం అంటే నాకు మహా చులకన. అది చెక్కా? పొట్టును జిగురుతో కలిపి అదిమిన పలక. ఒక చెక్క కొసను ఇంకో చెక్క తొలిలోకి దింపే కుసి లేదు, బెజ్జం లేదు. తిప్పితే బిగుసుకునే గుండ్రటి లాకులు, నాలుగు స్క్రూలు, వెనక కొట్టుకోవడానికి అట్టలాంటి పల్చటి షీటు. ప్రతి పెట్టెలోనూ బొమ్మలు వేసిన ఒక పేపరు ఉంటుంది, ఏది ముందు ఏది వెనక అని. ఆ పేపరును నేను ఏనాడూ చదివిన పాపాన పోలేదు. దాన్ని కింద పరుచుకుని టిఫిను తినేవాణ్ణి.

చదివేవాడు ఒకడుండేవాడు. నాతోపాటు పనిచేసే రెండో ఫిట్టరు. ముప్పై ఏళ్ళ మనిషి, పెళ్ళాం పిల్లలు ఉన్నవాడు. శ్రీకూర్మం అవతల సముద్రపొడ్డు ఊరు వాళ్ళది, చేపల వేట ఇంటివాడు. వేట గిట్టుబాటు కాక ఇటు వచ్చాడు. నన్ను మావా అని పిలిచేవాడు. పెట్టె విప్పగానే ముందు పేపరు తీసి, వేలు పెట్టి ఒక్కొక్క బొమ్మా చూసుకుంటూ కూర్చునేవాడు. నాకు ఒళ్ళు మండేది. వాడికి ‘పేపరు మేస్త్రి’ అని పేరు పెట్టి షాపంతా చాటింపు వేశాను. వాడు నవ్వి ఊరుకునేవాడు.

అసలు విషయానికొస్తాను. ఒక ఏడాది దసరాకు నెల్లాళ్ళ ముందు, కోట దగ్గర సందులో ఒక ఇంటికి పుస్తకాల రాక్ బిగించడానికి వెళ్ళాం. మనిషి కన్నా ఎత్తయిన రాక్, తలుపులు లేనిది. ఆ ఇంటావిడ వయొలిన్ నేర్పే టీచరు. అరవై దాటి ఉంటాయి. సన్నగా, నిటారుగా ఉంటుంది, మాట కూడా అంతే. ముందు హాల్లోనే ఆవిడ పాఠాలు చెప్పేది. సాయంత్రమైతే పది పన్నెండు మంది పిల్లలు చాపల మీద వరసగా కూర్చుని సాధన చేస్తారు. రాక్ పెట్టాల్సింది ఆ హాల్లోనే, ఒక మూల.

ఆవిడ కూతురు పురిటికి వచ్చి ఉంది. తలుపు పక్కన కుర్చీలో కూర్చుని మమ్మల్ని చూస్తోంది. నేను సుత్తి బయటికి తీయగానే టీచరుగారు చెయ్యి అడ్డం పెట్టింది.

“మేస్త్రిగారూ, మా అమ్మాయికి ఎనిమిదో నెల. పురుడయ్యేదాకా ఈ ఇంట్లో మేకు కొట్టడానికి వీల్లేదు. గోడ తొలవడానికి అసలే వీల్లేదు.”

ఈ పట్టింపు నాకు కొత్త కాదు. మా ఇళ్ళల్లోనూ ఉంది. కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో ఉంటే గోడకు దెబ్బ తగలనివ్వరు. అయితే ఆ రాక్‌కు వెనక షీటు కొట్టాలంటే ఇరవై పైచిలుకు చిన్న మేకులు కావాలి. గోడకు పట్టించాలంటే డ్రిల్లు పెట్టాలి. రెండూ కుదరవన్నమాట. అక్కడ నేను అనాల్సిన మాట ఒక్కటే. అలాగైతే పెట్టె విప్పకుండా ఉంచండమ్మా, పురుడయ్యాక వచ్చి బిగిస్తాను, అని. అనలేదు.

“అదేటి పెద్ద పనండీ అమ్మగారూ! మేకు లేకుండానే నిలబెట్టీస్తాను సూడండి,” అన్నాను.

కూతురు అట్టపెట్టె మీద పడున్న పేపరు అందుకుంది. చదువుకున్న పిల్ల, ఎక్కడో సైన్సు చెప్పేదట. “ఇందులో తప్పకుండా గోడకు బిగించమని రాశారండీ,” అంది.

“అది కంపినీవోళ్ళు అందరికీ రాస్తారమ్మా. నాను వడ్రంగోణ్ణి, నాకు తెల్దేటి?”

టీచరుగారు ఇంకోటి అడిగింది. వయొలిన్ పెట్టెలు నిలువుగా పెట్టుకోవాలి, మధ్య అర అడ్డం వస్తోంది, దాన్ని తీసేయడానికి కుదురుతుందా అని. మిగతా అరలు చిన్న పిన్నుల మీద ఊరికే కూర్చుంటాయి, ఎటైనా జరుపుకోవచ్చు. మధ్య అర అలా కాదు. దాన్ని రెండు పక్క పలకలకూ లాకులతో బిగించాలి. నేను ‘ఓ’ అని తలూపేసరికి మా పేపరు మేస్త్రి నా చెవి దగ్గరికి వచ్చాడు.

“మావా, ఈ అర తియ్యకూడదు. రెండు పక్కల్నీ పట్టి ఉంచీది ఇదే. పేపర్లో నల్లగా రాసినాడు. ఇది లేదు, ఎనక షీటూ లేదు, గోడకీ పట్టియ్యవు. మరేటి ఆపుతాది దీన్ని?”

“ఒరే, నువ్వు ఎల్లి వల అల్లుకో. సెక్క సంగతి నాకొగ్గీ.”

గదిలో అందరూ విన్నారు. వాడి మొహం చిన్నబోయింది. వంగి పలకలు అందించాడు.

నా బుర్రలో ఏముందో చెబుతాను. టేకు బీరువాకు కుసి దిగితే, వెనక చెక్క ఉన్నా లేకపోయినా అది నిలబడుతుంది. ఏనుగు వచ్చి ఒరుసుకున్నా కదలదు. ఆ లెక్కే ఈ పొట్టు పలకకూ వేశాను. ఈ పలకలో బలం చెక్కది కాదు, జోడింపుది. ఆ పల్చటి షీటు దుమ్ము పడకుండా పెట్టింది కాదు, రాక్ పక్కకు వాలిపోకుండా పెట్టింది. ఇంత చిన్న విషయం నాకు తెలియదు. తెలిసినవాడు పక్కనే ఉంటే వాడి నోరు మూయించాను.

నిలబెట్టాక చేత్తో ఊపి చూశాను. కొంచెం ఊగింది. ఒక పక్క గోడకు ఆనేలా మూలకు నెట్టేశాను. “బరువు పుస్తకాలన్నీ కింది అరల్లో పెట్టండమ్మా, ఇంక దీనికి తిరుగులేదు,” అన్నాను. ఆ ఒక్క సలహా మాత్రం మంచిదే. టీచరుగారు సంతోషించింది. “మా పాత నొటేషను పుస్తకాలన్నీ కిందే పెడతాను. సరస్వతీ పూజకు తీసుకోవడానికి కూడా సులువు,” అంది. మధ్య అర పలకనూ వెనక షీటునూ అటక మీద పెట్టించాను. గోడకు బిగించే రెండు క్లాంపులు నా సంచిలో వేసుకున్నాను. పురుడవ్వగానే కబురు పెట్టమన్నాను.

ఆవిడ కబురు పెట్టింది కూడా. ఫోన్ చేసి, “ఆడపిల్ల మేస్త్రిగారూ. పురుడు కూడా వెళ్ళింది. ఇంక వచ్చి కొట్టుకోవచ్చు,” అంది. వచ్చే ఆదివారం వస్తానన్నాను. ఆ ఆదివారం ఏదో పని తగిలింది, ఆ తరవాత ఆదివారం ఒళ్ళు బద్ధకించింది. నిలబడే ఉంది కదా, ఏం తొందర అనుకున్నాను. మూడో నెలలో కూతురు పాపను తీసుకుని అత్తారింటికి వెళ్ళిపోయిందని తెలిసింది. ఇంక ఆ ఇల్లు నా మనసులోంచే జారిపోయింది. క్లాంపులు సంచి అడుగున స్క్రూల మధ్య అలాగే ఉండిపోయాయి.

మళ్ళీ దసరా సెలవులొచ్చాయి. రాజాంలో ఒక కోచింగు సెంటరువాళ్ళు లైబ్రరీ గది పెట్టుకుంటున్నారు. పిల్లలు లేని రోజుల్లో పని అయిపోవాలని మమ్మల్ని పిలిచారు. పన్నెండు రాక్‌లు, అవే రకం. మా పేపరు మేస్త్రి ఒక పద్ధతి పెట్టుకున్నాడు. రాక్‌ను నేల మీద బోర్లా పడుకోబెట్టి, ఒక దారం తీసుకుని ఈ మూల నుంచి ఆ మూలకు కొలిచేవాడు, మళ్ళీ రెండో వైపు మూలలు కొలిచేవాడు. రెండు కొలతలూ సమానంగా వస్తేనే వెనక షీటు కొట్టేవాడు. నేను ఇవతల గోడకు ఆనుకుని బీడీ తాగుతూ వాణ్ణి ఏడిపించేవాణ్ణి.

ఒక పెట్టెలో షీటు రాలేదు. కంపెనీవాడు మరిచాడు. షీటు వచ్చేదాకా దాన్ని నిలబెట్టవద్దని వాడంటాడు, నిలబెట్టేద్దామని నేనంటాను. వాడు టీ తాగడానికి వెళ్ళినప్పుడు నేనే నిలబెట్టేశాను. తిరిగొచ్చి చూసి వాడు తల పట్టుకున్నాడు.

“ఏటవుతాదిరా? ఇదిగో సూడు,” అని రాక్ పక్క మీద చెయ్యి వేసి ఆనుకున్నాను.

అగ్గిపెట్టె లోపలి డబ్బా తీసేసి పై డొక్కును పక్కకు నొక్కితే ఎలా చదునవుతుంది? సరిగ్గా అలా వాలిపోయింది. పొట్టు పలకలోంచి లాకులు పటపటా ఊడివచ్చాయి. పై పలక నేలకు కొట్టుకుని గది అదిరింది. అటువైపు ఎవరూ లేరు. నేను తమాయించుకుని నిలబడి, ముందు పకపకా నవ్వాను. నవ్వింది నేనొక్కణ్ణే.

వాడు నా మొహంలోకి చూసి నెమ్మదిగా అడిగాడు. “మావా, ఇలాటిది ఇంకెక్కడైనా నిలబెట్టీసి వచ్చీసినావేటి?”

వాడికి తెలుసు. వాడూ ఉన్నాడు కదా ఆ రోజు. మొహం మీద అనలేక అలా అడిగాడు. ఆ హాలు కళ్ళ ముందుకొచ్చింది. చాపల మీద వరసగా కూర్చున్న పిల్లలు కనిపించారు. ఏడాది నుంచి ఆ పిల్లలు రోజూ ఆ రాక్ పక్కనే కూర్చుంటున్నారు.

టీచరుగారికి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. నాలుగుసార్లు చేశాను. షాపులో ఎవరినైనా పంపమని యజమానికి చేశాను. విజయనగరంలోనే ఉన్నాడు కదా. ఆయన నవ్వాడు. “ఏడాది నుంచి నిలబడిందిగా మేస్త్రీ, ఇవాళే పడిపోతుందా? పండగ పూట ఇక్కడ మనిషి లేడు. రేపు నువ్వే వెళ్ళిరా.” అప్పుడు నేనున్న స్థితిలో ఆ మాటలు సబబుగానే తోచాయి. సరేనని ఫోన్ పెట్టేశాను. పెట్టేసి ఒక పలక ఎత్తబోయి, మళ్ళీ కింద పెట్టేశాను. వాడు నా సంచి, తన సంచి రెండూ భుజాన వేసుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు.

“బస్సుకి టైమవుతాది మావా. పద.”

బస్సులో కిటికీ పక్కన కూర్చుని నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నాను. కింది అరల్లో బరువు పుస్తకాలున్నాయి, మూల గోడ ఆసరా ఉంది, ఏమీ కాదు. వాడూ అదే అన్నాడు. “పడవలో బరువు అడుగునుంటే బేగి తిరగబడదు మావా. అడుగు బరువు ఉన్నాది కదా, భయపడకు.” చీపురుపల్లిలో ఒకావిడ ఇద్దరు ఆడపిల్లల్ని తీసుకుని ఎక్కింది. పట్టులంగాలు, పూలజడలు. చేతిలో నోటు పుస్తకాలు, వాటి అట్టల మీద పసుపు, కుంకుమ బొట్లు.

“ఏటమ్మా, పుస్తకాలకి బొట్లెట్టినారు?” అని ఊరికే అడిగాను.

“ఈరోజు మూలా నక్షత్రం కదా తాతా! సరస్వతీ పూజ. పుస్తకాలన్నీ అమ్మవారి దగ్గిర పెట్టి తెస్తన్నాం,” అంది పెద్దపిల్ల.

మా వడ్రంగులకు దసరా అంటే పనిముట్ల పూజే. పుస్తకాల పూజ రోజు నాకు పట్టదు, గుర్తూ లేదు. సులువుగా తీసుకోవచ్చని పూజ పుస్తకాలన్నీ కిందే పెడతానంది కదా ఆవిడ! అంటే ఈపాటికి కింది అరలన్నీ ఖాళీ. వయొలిన్లు కూడా పూజలో పెడతారు, అంటే మధ్యన కూడా ఖాళీ. బరువంతా పైనే. దసరాకు కూతురు పుట్టింటికి రాకుండా ఉంటుందా? పాపకు పదకొండో నెల. దేన్ని పడితే దాన్ని పట్టుకుని లేచే వయసు. ఇదంతా వాడి చెవిలో చెప్పాను. అడుగు బరువు ఉందని నాకు ధైర్యం చెప్పినవాడు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. విజయనగరం చేరేదాకా వాడు ఆ నంబరుకే ఫోన్ చేస్తూ ఉన్నాడు. నేను సీటు కమ్మీ పట్టుకుని, తెలిసిన దేవుళ్ళందరికీ దండం పెట్టుకుంటూ కూర్చున్నాను. చీపురుపల్లి దాటాక బస్సు ఆగిన ప్రతి స్టాపులోనూ డ్రైవరును తిట్టుకున్నాను.

బస్టాండులో దిగి ఆటో ఎక్కాం. సందు మొదట్లో పండగ జనం. ఆటో కదలకపోతే దిగి పరుగెత్తాం. నా వయసుకు అది పరుగు కాదు, ఆయాసం.

తలుపులు తెరిచే ఉన్నాయి. హాలు నిండా మనుషులు. పిల్లలు, వాళ్ళ తల్లులు, అందరూ అటు పటం వైపు తిరిగి కూర్చున్నారు. టీచరుగారు హారతి వెలిగిస్తోంది. పటం ముందు చాప మీద పుస్తకాలు దొంతరలు దొంతరలుగా గుమ్మం దాకా పరిచి ఉన్నాయి, పక్కన వయొలిన్లు, అన్నిటి మీదా పూలు. వాళ్ళందరి వెనక, మూలలో రాక్. నేను బస్సులో ఊహించుకున్నది ఊహించుకున్నట్టే ఉంది. కింద ఖాళీ, మధ్యన ఖాళీ. పైన మాత్రం పాత రేడియో, సన్మానాల్లో ఇచ్చిన ఇత్తడి జ్ఞాపికలు, లావాటి పుస్తకాలు.

పాప అక్కడే ఉంది. కింది అరలోకి ఒక కాలు పెట్టింది. దాని పైనున్న అర అంచు రెండు చేతులతో పట్టుకుని వెనక్కి వేలాడుతూ, తనలో తను నవ్వుకుంటోంది. రాక్ గోడ నుంచి నాలుగు వేళ్ళు ఎడంగా వచ్చేసింది. రేడియో అంచు దాకా జరిగింది.

నాకూ రాక్‌కూ మధ్య ఆ చాప ఉంది. చుట్టూ తిరిగి వెళ్ళే వ్యవధి లేదు. కాళ్ళకు చెప్పులున్నాయన్న ధ్యాస కూడా లేదు. పూజలో ఉన్న పుస్తకాల మీద నుంచి తొక్కుకుంటూ వెళ్ళిపోయాను. ఎవరో కెవ్వుమన్నారు. భుజం పెట్టి రాక్‌ను ఆపాను. ఒక ఇత్తడి జ్ఞాపిక వచ్చి మెడ మీద పడింది. రాక్ మెలికలు తిరుగుతోంది, ఒక పక్క ఆపితే రెండో పక్క ముందుకొస్తోంది. అప్పటికే మావాడు నా చంక కిందుగా దూరి పాపను లాగేసుకున్నాడు. రేడియో జారింది. ఒక్క క్షణం ముందు పాప ఉన్న చోట నేలకు కొట్టుకుని ముక్కలైపోయింది.

పాప ఏడుపు అందుకుంది. ఆ ఏడుపు వింటే నాకు ప్రాణం లేచొచ్చింది. బాగున్న పిల్ల ఏడ్చే ఏడుపు అది.

తరవాత గోల మొదలైంది. చెప్పుల కాళ్ళతో సరస్వతీదేవి మీద నడుస్తావా, ఎవడ్రా నువ్వు, అని ఒక పెద్దాయన నా మీదికి వచ్చాడు. టీచరుగారు హారతి పళ్ళెం కింద పెట్టింది. రేడియో ముక్కల వైపు చూసింది, నా భుజం మీద ఊగుతున్న రాక్ వైపు చూసింది. “ఎవరూ మాట్లాడకండి,” అంది.

అందరూ కలిసి పై అరలు ఖాళీ చేసి రాక్‌ను పడుకోబెట్టాక, ఆ జనం ముందే చెప్పేశాను. “తప్పు నాదేనండి అమ్మగారూ. ఎనక షీటు, మధ్య అర, గోడకి క్లాంపులూ, ఈ మూడూ లేకుండా ఇది నిలబడదు. ఈడు సెప్పినాడు, నాను ఇన్లేదు. మీ అమ్మాయి సెప్పింది, ఇన్లేదు. మీరు ఫోన్ సేసినారు, రాలేదు.”

ఆవిడ నా ఎదురుగా వచ్చి నిలబడింది. “ఏడాది నుంచి నా పిల్లలు ఈ గోడ కిందే కూర్చుంటున్నారు మేస్త్రిగారూ. ఆ రోజే నాకు ఒక్క మాట చెబితే ఏం పోయింది? మేకు కొట్టవద్దన్నాను గానీ రాక్ అప్పుడే నిలబెట్టమన్నానా? పెట్టెలో ఉంచమంటే ఉంచనా?”

ఆవిడ పట్టింపు మీదికి తప్పు నెట్టేద్దామని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. అబద్ధం ఎందుకు? ఆ మాటతో అదీ పోయింది. కూతురు పాపను గుండెకు అదుముకుని గోడవారన కూర్చుంది. నా వైపు చూడలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

“ఇప్పుడు బిగిస్తారా, పారేయమంటారా?” అంది టీచరుగారు.

నేను మావాడి వైపు తిరిగాను. “నువ్వు సెప్పురా. నాను సేస్తాను.”

వాడు అటక ఎక్కాడు. షీటు, మధ్య అర పలక, వాటితోపాటు మడతపెట్టిన పేపరు కూడా కిందికి తెచ్చాడు. ఆ పేపరును పారేయకుండా దాచింది కూతురేనట. వాడు ఒక్కొక్క బొమ్మా చదివాడు, నేను చేశాను. మధ్య అర మొదటి చోటనే పెట్టి లాకులు బిగించాను. బోర్లా పడుకోబెట్టి, దారంతో మూల నుంచి మూలకు కొలిచాం. మొదటిసారి వేలెడు తేడా వచ్చింది. సరిచేసి మళ్ళీ కొలిచాం. సమానమయ్యాక షీటు పెట్టి, జానెడుకొక మేకు చొప్పున చుట్టూ కొట్టాను. ఒక పిల్లాడు వచ్చి మేకులు అందిస్తానన్నాడు, వాళ్ళమ్మ వెనక్కి లాగేసుకుంది. సంచి అడుగు నుంచి రెండు క్లాంపులూ తీశాను. గోడ తొలిచి, ప్లగ్గులు దింపి, రాక్ పై అంచును వాటితో గోడకు పట్టించాను. పూజ మధ్యలో డ్రిల్లు మోత. ఒక్కరూ వద్దనలేదు. వయొలిన్ పెట్టెలకు కిటికీ కింద బల్ల చాలంది టీచరుగారు. అంత చిన్న పని కోసమా నేను ఆ అర పీకింది, అనుకున్నాను.

అప్పుడు రాక్ అంచు పట్టుకుని, నా బరువంతా వేసి వేలాడాను. కదల్లేదు. మావాడు పక్క నుంచి భుజంతో నెట్టాడు. కదల్లేదు. ఇద్దరం కలిసి ఊపాం. గోడ కదలాలి గానీ అది కదలదు. అక్కడే రాక్ పక్కన కూలబడ్డాను.

“ఒరే, ఆ పొద్దు నిన్ను అనకూడని మాటన్నాను,” అన్నాను వాడితో.

“ఏ మాట మావా? నువ్వు రోజుకి నూరంటావు,” అన్నాడు వాడు, దారం చుట్ట చుట్టుకుంటూ.

నేను తొక్కిన పుస్తకాలను టీచరుగారు ఒక్కొక్కటే కళ్ళకద్దుకుని మళ్ళీ పేర్చింది. ఆగిన హారతి మళ్ళీ వెలిగించింది. నాకూ కళ్ళకద్దుకోమని పళ్ళెం పట్టింది. అందరూ కొబ్బరిముక్కలు తింటున్నారు. హాల్లో మెల్లగా మాటలు, ఆ తరవాత నవ్వులు. రేడియో ముక్కలు ఎత్తుతూ ఎవరో, “ఇది మోగి ఎన్నాళ్ళయిందిలెండి,” అన్నారు. ఆ మాటకు టీచరుగారు కూడా నవ్వింది. ఏమీ కాలేదు, ఏమీ కాలేదు అని నాలో నేను ఎన్నిసార్లు అనుకున్నానో.

పాప ఒళ్ళోంచి దిగింది. ఆ హాల్లో అన్ని బొమ్మలు, అన్ని పూలు ఉండగా, దోగాడుకుంటూ తిన్నగా రాక్ దగ్గరికే వచ్చింది. కూతురు గభాలున లేవబోయింది. నా వైపు చూసింది, అన్ని గంటల తరవాత మొదటిసారి. నేను తలూపాను. ఆమె కూర్చోలేదు, అలాగని పాపను ఎత్తుకోనూ లేదు.

పాప కింది అర అంచు పట్టుకుని లేచింది. నేను రెండు చేతులూ రాక్‌కు అడ్డం పెట్టాను. అది కదల్లేదు. పాప చతికిలపడి, మళ్ళీ లేచింది. ఈసారి ఒక చెయ్యి పెట్టాను. పాప అర వదిలేసి ఊరికే నిలబడింది, దేన్నీ పట్టుకోకుండా. “అమ్మా, నిలబడిందే!” అని కూతురు అరిచింది. పాప బెదిరి మళ్ళీ కూర్చుండిపోయింది. చుట్టూ అందర్నీ చూసి, నవ్వి, మూడోసారి రాక్ పట్టుకుంది. ఈసారి నేను చేతులు కట్టుకుని చూస్తూ కూర్చున్నాను.